అచ్చుతప్పు రాసిన చివరి పోస్టు

"మంగళవారం పదకొండింటికి మీరెక్కడున్నారు?" అని ఇన్‌స్పెక్టరు మూడోసారి అడిగింది.

మొదటి రెండుసార్లూ ప్రింటింగ్ ప్రెస్సు మేనేజరు జవాబు చెప్పకపోలేదు. రెండుసార్లూ ఒకే మాటల్లో, పొల్లు పోకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. అందుకే ఆమె మళ్లీ అడిగింది.

"పదకొండు నుంచి పదకొండున్నర దాకా ఈ గదిలోనే ఉన్నానండీ. సిరా కంపెనీ వాళ్లతో ఫోన్లో మాట్లాడుతున్నాను. కింద కేకలు వినపడి పరుగెత్తుకెళ్లాను. అప్పటికే అంతా అయిపోయింది."

"గది దాటి బయటికి రాలేదు?"

"రాలేదండీ."

ఇన్‌స్పెక్టరు రాసుకుంది. రెండు రోజులుగా ఇంకో కేసులో సాక్ష్యం చెప్పడానికి కోర్టు వరండాలో నిలబడి నిలబడి ఆమె ఒళ్లు హూనమైంది. కళ్లు మండుతున్నాయి. కుర్చీలో వెనక్కి వాలితే నిద్ర పట్టేస్తుందన్న భయంతో ముందుకు వంగి కూర్చుంది. స్టేషన్లో అందరూ చాటుగా తనని 'నిదానం' అంటారని ఆమెకి తెలుసు. అన్నవాళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలి కదా అని ఊరుకుంది.

మంగళవారం ఉదయం ఈ ప్రెస్సు డాబా మీద నుంచి, అచ్చుకి ముందు తప్పులు దిద్దే ప్రూఫ్‌రీడరు కిందపడి చనిపోయింది. ముప్పై ఎనిమిదేళ్లు, పెళ్లి కాలేదు, అక్క దగ్గర ఉండేది. ఉద్యోగం కాక ఆమెకి ఇంకొక్కటే వ్యాపకం, బ్లాగు. ఎవరైనా రాసుకోవచ్చు, ఒకరి రాత నచ్చితే ఇంకొకరు తమ పేజీలోకి తెచ్చి పెట్టుకోవచ్చు, అలాంటి సైటులో 'అచ్చుతప్పు' అనే మారుపేరుతో పదేళ్లుగా రాసేది. చనిపోయే ముందు ఆ బ్లాగులో నాలుగు వాక్యాలు పెట్టింది. పోలీసులకి దొరికిన ఉత్తరం అదొక్కటే.

"ఆవిడ చివరిగా ఏం పని చేస్తోంది?" అంది ఇన్‌స్పెక్టరు.

"ఎప్పుడూ ఉండేవేనండీ. స్కూలు పుస్తకాలు, మందుల పెట్టెల్లో మడిచి పెడతారే, ఆ కాగితాలు."

"ఆవిడ దిద్దిన ప్రూఫులు మీరు చూస్తారా?"

"నాకంత తీరికెక్కడిది? ఆవిడ చూసి నేరుగా మిషను దగ్గరికి పంపేస్తుంది. పదకొండేళ్ల అనుభవం మరి. నా దాకా రావు."

"బ్లాగు సంగతి మీకు తెలుసా?"

"బ్లాగా? అలాంటివన్నీ నాకు తెలీవండీ."

ఇన్‌స్పెక్టరు వాంగ్మూలం కాగితం ముందుకు జరిపింది. మేనేజరు సంతకం పెట్టాడు. గబగబా గీసిన గీతల చివర రెండు పాయలుగా చీలిన తోక, చేప తోకలాగా. ఆమె ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.

* * *

గేటు పక్కన గోడకి బిగించిన చెక్క అర, అందులో ఇరవై నాలుగు గళ్లు. పనిలోకి వచ్చేవాళ్లు తమ ఫోన్లు ఆ గళ్లలో పెట్టి లోపలికి వెళ్లాలి. మిషన్ల దగ్గర ఫోన్లు చూసుకుంటూ వేళ్లు నలగ్గొట్టుకుంటున్నారని ప్రెస్సు యజమాని పెట్టిన నియమం. ప్రూఫ్‌రీడరుది పద్నాలుగో గడి. ఆమె చనిపోయాక ఫోను ఆ గడిలోనే దొరికింది.

"పొద్దున తొమ్మిదీ అయిదుకి పెట్టింది మేడమ్. తీసినట్టు రిజిస్టర్లో లేదు," అన్నాడు వాచ్‌మన్. నాలుగు రోజుల్లో ఇదే మాట ఎంతమందికి చెప్పాడో, గొంతులో ఉత్సాహం చచ్చిపోయింది.

"నువ్వు చూడకుండా తీసి ఉండొచ్చు కదా?"

"నేనుండగా ఎవరూ తియ్యలేరు మేడమ్."

"నువ్వు లేనప్పుడు?"

వాచ్‌మన్ కాళ్లు కదిపాడు. "రోజూ పదకొండింటికి టీకి వెళ్తాను. పావుగంటలో వచ్చేస్తాను."

"మంగళవారం కూడానా?"

"ఆ, వెళ్లాను."

"గేటు ఎవరికి అప్పగించావు?"

"అప్పగించడమేంటి మేడమ్, మేనేజరుగారే వచ్చి నిలబడ్డారు. నువ్వెళ్లి రావయ్యా, నేను చూసుకుంటానన్నారు. ఎప్పుడూ లేంది, ఆ రోజు ఎంత మర్యాదో!"

ఇన్‌స్పెక్టరు పెన్ను ఆగింది. బ్లాగులో చివరి పోస్టు పడింది పదకొండూ ఎనిమిదికి. పెరట్లో కాగితం కట్టలు దింపుతున్న కూలీలు పడిన శబ్దం విన్నది పదకొండూ ఇరవై అయిదుకి.

"ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరు కనపడ్డారని అడిగారు, ఎవరూ కనపడలేదని చెప్పాను. మేనేజరుగారు ఎవరో ఎలా అవుతారు మేడమ్?"

ఆమె విసుక్కోలేదు. అతను చెప్పిందీ నిజమే.

డాబా మీదకి డెబ్భై రెండు మెట్లు. మధ్యలో రెండుసార్లు ఆగి, రెయిలింగు పట్టుకుని ఊపిరి పీల్చుకుని ఎక్కింది. పైన ఖాళీ సిరా డబ్బాలు రెండు, ఒక నీళ్ల ట్యాంకు, అంతే. పిట్టగోడ దగ్గరికి వెళ్లి నిలబడింది. గోడ ఆమె ఛాతీ దాకా వచ్చింది. ప్రూఫ్‌రీడరు ఆమె కన్నా జానెడు పొట్టి. ఎక్కడానికి స్టూలు గానీ, దిమ్మ గానీ ఏదీ లేదు. సిరా డబ్బాలు రెండూ తిప్పి చూసింది. మూత నిండా దుమ్ము, పాదం ఆనిన గుర్తు ఒక్కటీ లేదు.

"కొలతలు తీస్తున్నారా మేడమ్?"

వెనక గుమ్మంలో సైబరు విభాగం ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, చేతిలో ట్యాబు. ఒకప్పుడు ఆమె కిందే పని నేర్చుకున్నాడు. ఏది అడిగినా ఒక్క క్లిక్కుతో తేలిపోతుందంటాడు కాబట్టి అతనికి క్లిక్కు అనే పేరు స్థిరపడిపోయింది.

"గోడ ఎత్తు చూస్తున్నానయ్యా. తన ఛాతీ దాటిన గోడని ఆవిడ ఎలా ఎక్కింది?"

"చావాలనుకున్న మనిషికి గోడ అడ్డమా? పోస్టు ఆవిడ ఫోన్లోంచే పడింది. వేరే ఫోను, వేరే కంప్యూటరు ఆ అకౌంటులోకి రాలేదు. నేను స్వయంగా చూశాను."

"ఫోను ఆవిడదే. వేలు ఎవరిదో కూడా చూశావా?"

"ఫోనుకి తాళం ఉంది మేడమ్."

"నాలుగు ఒకట్లు. ప్రెస్సులో అందరికీ తెలుసట. ఆ పావుగంటా ఫోన్ల అర దగ్గర నిలబడింది మేనేజరు. గది దాటలేదని ఇప్పుడే నాకు సంతకం పెట్టి మరీ ఇచ్చాడు."

క్లిక్కు వెంటనే తల అడ్డంగా ఊపాడు. "వాచ్‌మన్ మాటా? నిన్న నేనడిగితే తారీఖే సరిగ్గా చెప్పలేకపోయాడు. చూడండి, నాలుగింటికి ఫైలు పైకి వెళ్తుంది. ఆత్మహత్య అని రాశాను. మీరు అడ్డం పడితే పెద్దాయన ముందు ఇద్దరం నవ్వులపాలవుతాం."

"నువ్వు నవ్వులపాలైతే నాకేమీ సరదా లేదయ్యా. నాలుగు దాకా ఆగు."

"ఆగుతాను. నాలుగూ అయిదు దాకా మాత్రం కాదు," అని అతను రెండేసి మెట్లు దాటుకుంటూ దిగిపోయాడు. ఆమె ఒక్కో మెట్టూ దిగింది.

* * *

బస్సు డిపోలో సిబ్బంది విశ్రాంతి గది. ఒంటిగంటకి పది నిమిషాలుంది. ప్రూఫ్‌రీడరు అక్క యూనిఫాంలోనే, భుజాన టికెట్ల సంచితో బల్ల మీద కూర్చుని ఉంది. కండక్టరు ఉద్యోగం. చెల్లెలు పోయి నాలుగో రోజుకే డ్యూటీకి వచ్చేసింది.

"ఇంట్లో ఉంటే తన చెప్పులు కనపడతాయి మేడమ్. ఇక్కడైతే జనం, అరుపులు. కాసేపు మర్చిపోవచ్చు."

ఇన్‌స్పెక్టరు ఆమె పక్కనే కూర్చుంది. ఇద్దరూ నిద్ర చాలని మనుషులే.

"ఆ చివరి పోస్టు మీరు చదివారా అమ్మా?"

"నాకెవరు చూపించారు? మీ చిన్నసారు ఫోన్లో చెప్పారు, ఆత్మహత్య ఉత్తరం దొరికిందని. బ్లాగు తెరవడానికి నాకే చెయ్యి రాలేదు."

ఇన్‌స్పెక్టరు సంచిలోంచి అచ్చు తీసిన కాగితం ఇచ్చింది. అక్క పెదాలు కదుపుతూ చదివింది.

'ఇక నా వల్ల కాదు. ఇన్నేళ్లూ అందరి తప్పులూ దిద్దాను. నా తప్పు మాత్రం ఒక్కటీ దిద్దుకోలేపోయాను. సెలవు.'

చదవడం అయ్యాక మళ్లీ మొదటి నుంచి చదివింది. మూడో వాక్యం మీద వేలు పెట్టింది.

"ఇది మా చెల్లి రాయలేదు."

"ఎందుకంటున్నారు?"

"చూడండి. 'దిద్దుకోలేపోయాను'. 'క' ఏది? దిద్దుకోలేకపోయాను అని కదా ఉండాలి! మేడమ్, మా చెల్లి సరుకుల చీటీలో కూడా తప్పు రాయదు. చచ్చిపోతూ కూడా రాయదు."

ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్ని పాతిక సార్లైనా చదివి ఉంటుంది. ఆ అక్షరం లేదని ఒక్కసారీ కనపడలేదు. అలసిన కన్ను లేనిదాన్ని కూడా ఉన్నట్టే చదువుకుపోతుంది.

"కానీ..." అంది అక్క, నుదురు చిట్లించి. "ఈ వాక్యం నాకు కొత్త కాదు. ఎక్కడో చదివాను. నాకూ ఆ సైటులో అకౌంటు ఉంది మేడమ్. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య రోజూ తన బ్లాగు చదివేదాన్ని. తనకి మాత్రం చెప్పలేదు. నేను చదువుతున్నానని తెలిస్తే మనసు విప్పి రాయడం మానేస్తుందేమోనని."

ఆమె ఫోను తీసింది. అచ్చుతప్పు పేజీ తెరిచింది. పైన మూల భూతద్దం గుర్తు.

"ఇక్కడ నొక్కితే ఒక్క ఈ బ్లాగులోనే వెతుకుతుంది. సైటంతా కాదు," అంటూ ఆ గడిలో 'దిద్దుకోలేపోయాను' అని తప్పుతో సహా టైపు చేసింది.

రెండు పోస్టులు వచ్చాయి. మొదటిది మంగళవారానిది. రెండోది రెండేళ్ల కిందటిది. అక్క దాన్ని తెరిచి, చదువుతూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియని శబ్దం ఒకటి వచ్చింది.

'కుట్టు క్లాసు మానేశాను. జాకెట్టు చేతులు రెండూ ఒకే వైపు కుట్టినదాన్ని నేనొక్కదాన్నేనట. ఇక నా వల్ల కాదు. ఇన్నేళ్లూ అందరి తప్పులూ దిద్దాను. నా తప్పు మాత్రం ఒక్కటీ దిద్దుకోలేపోయాను. సెలవు.'

కింద చిన్న అక్షరాల్లో ట్యాగులున్నాయి: #కుట్టుమిషను #అక్క నవ్వింది #తప్పు కావాలనే రాశాను.

"మొదటి రెండు వాక్యాలూ వదిలేసి మిగతాది ఎత్తి పెట్టాడు," అంది ఇన్‌స్పెక్టరు మెల్లగా. "అక్షరం పోయిందని కూడా చూసుకోలేదు. ఈ ట్యాగులేమిటి?"

"పోస్టు కింద ఇలా నాలుగు మాటలు పెడితే తర్వాత వెతుక్కోవడం తేలిక. మా చెల్లి ట్యాగు లేకుండా ఒక్క పోస్టూ పెట్టదు. మరి మంగళవారం దానికి..." అక్క వెనక్కి వెళ్లి చూసింది. "ఒక్కటీ లేదు."

"తను పనిలో పట్టుకున్న తప్పుల గురించి రాస్తే ఏ ట్యాగు పెట్టేది?"

"ఎర్రసిరా." అడగడం పూర్తికాకుండానే చెప్పింది. "ఎక్కడ ఏ తప్పు దొరికినా ఫొటో తీసి పెట్టేది. చదివేవాళ్లు కూడా బోర్డుల మీద తప్పులు చూసి అదే ట్యాగుతో పంపేవాళ్లు."

ఆ బ్లాగులో ఎర్రసిరా ట్యాగుకి నలభై ఒక్క పోస్టులు వచ్చాయి. అన్నిటికన్నా కొత్తది రెండు నెలల కిందటిది. ఒక మిఠాయి కొట్టు బోర్డు. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయింది. కేసుకి పనికొచ్చేది ఏదీ లేదు. గడియారం ఒంటిగంటా ఇరవై దాటింది.

"ఈ బ్లాగులో కాకుండా సైటంతా వెతికితే?"

అక్క బయటికి వచ్చి, మొదటి పేజీలో ఉన్న గడిలో ఎర్రసిరా అని కొట్టింది. మిఠాయి కొట్టు బోర్డే మళ్లీ పైన కనపడింది.

"జనం మెచ్చినవి ముందు చూపిస్తుంది. ఆగండి, కొత్తవి ముందు అని మార్చాలి."

మార్చింది. మొదట వచ్చిన పోస్టు 'బుజ్జిగాడి అమ్మ' అనే బ్లాగులోది. మంగళవారం ఉదయం తొమ్మిదీ నలభైకి పెట్టింది. ఆవిడ సొంతంగా రాసింది కాదు, అచ్చుతప్పు పేజీ నుంచి తెచ్చి పెట్టుకున్నది. పైన అచ్చుతప్పు పేరు ఉంది. అక్క ఆ పేరు మీద నొక్కింది. 'ఈ పోస్టు తొలగించబడింది' అని వచ్చింది.

"చెల్లి పేజీలోంచి తీసేశారు మేడమ్. కానీ ఇంకొకరు తెచ్చి పెట్టుకున్న నకలు పోదు. అది తీసేవాడికి తెలిసుండదు."

ఫొటోలో ఒక ప్రూఫు కాగితం. పిల్లల జ్వరం మందు పెట్టెలో పెట్టేది. 'రెండేళ్ల లోపు పిల్లలకు ఒక్కో మోతాదు 25 మి.లీ.' అన్న అంకె చుట్టూ ఎర్రటి సున్నా. పక్కనే గుండ్రటి చేతిరాత: '2.5! చుక్క ఏది?' దాని కింద నీలం సిరాతో 'చూశాను, సోమవారం సా. 5-40' అని ఒక సంతకం. చివర రెండు పాయల తోక.

ఇన్‌స్పెక్టరు సంచిలోంచి వాంగ్మూలం తీసి ఫోను పక్కన పెట్టింది. రెండు చేపలూ ఒక్కటే.

ఫొటో కింద చెల్లెలి మాటలు అక్క పైకి చదివింది.

'నేను సెలవు పెట్టిన వారంలో ఈ కాగితం మొదటి విడత అచ్చయి వెళ్లిపోయిందట, చుక్క లేకుండానే. రెండో విడత ప్రూఫు చేతికొచ్చాక గానీ నాకు తెలియలేదు. నిన్న మేనేజరుగారు చూశానని సంతకం పెట్టారు, మిషను మాత్రం ఆపలేదు. అందుకే ప్రూఫు ఇంటికి తెచ్చి ఫొటో తీశాను. మధ్యాహ్నంలోగా ఆపకపోతే మందుల కంపెనీకి నేనే ఫోన్ చేస్తానని చెప్పాను, ఇక్కడ రాస్తున్నానని కూడా చెప్పాను. ఈ మందు ఇంట్లో ఉన్నవాళ్లు కాగితం నమ్మకండి. డాక్టర్ని అడగండి.'

"ఆ రోజు నాకు డబుల్ డ్యూటీ," అంది అక్క. "పొద్దున ఫోను చూడలేదు. చూసుంటే తనకి ఫోన్ చేసేదాన్ని. పని మానేసి ఇంటికొచ్చెయ్యమనేదాన్ని."

ఇన్‌స్పెక్టరు దగ్గరికి జరిగింది. ఆమె చేతి మీద చెయ్యి వేసి నొక్కింది. రెండో చేత్తో స్టేషనుకి ఫోన్ చేసింది.

"హెడ్డుగారూ, ప్రెస్సుకి వెళ్లండి. మేనేజరు గేటు దాటకూడదు. మందుల కాగితాలు ఒక్క కట్ట కూడా లారీ ఎక్కకూడదు. కంపెనీ ఫోన్ నంబరు కనుక్కుని, మొదటి విడత ఎక్కడెక్కడికి వెళ్లిందో అడగండి, కొట్లలోంచి వెనక్కి తెప్పించమనండి. ఆ, ఇప్పుడే."

ఫోను పెట్టేసరికి అక్క ఇంకా తెర వైపే చూస్తోంది.

"మేడమ్, ఈ బుజ్జిగాడి అమ్మ పెట్టిన ట్యాగులు చూడండి."

#ఎర్రసిరా #మా ఇంట్లో ఇదే సీసా ఉంది #ఇంకా మూత తియ్యలేదు #కాగితంలో 25 అనే ఉంది #అచ్చుతప్పుగారూ ఏది నిజం

ప్రశ్న అడిగింది మంగళవారం తొమ్మిదీ నలభైకి. అప్పటికే ప్రూఫ్‌రీడరు ఫోను పద్నాలుగో గడిలో ఉంది.

"ఆవిడ పేజీలోకి వెళ్లు," అంది ఇన్‌స్పెక్టరు. తెలియకుండానే 'మీరు' పోయింది. "అన్నిటికన్నా కొత్తది చూడు."

కొత్త పోస్టు పదకొండు నిమిషాల కిందటిది.

'పొద్దుటి నుంచి బుజ్జిగాడికి ఒళ్లు కాలిపోతోంది. క్లినిక్కు అయిదింటికి గానీ తెరవరు. అచ్చుతప్పుగారు నాకు జవాబివ్వలేదు. ఇందాక వెళ్లి చూస్తే ఆ పోస్టే తీసేశారు. తనదే పొరపాటని తెలిసి తీసేసి ఉంటారు. పదకొండు నెలల పిల్లాడికి ఇంత మందా అనిపిస్తోంది కానీ, కంపెనీ వాళ్లకి తెలియకుండా అచ్చు వేస్తారా? కాగితంలో ఉన్నట్టే వేస్తున్నాను.'

ఇన్‌స్పెక్టరు ఫోను లాక్కుంది. పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది. సందేశం పంపే గడిలో ఆమె వేళ్లు రెండుసార్లు తప్పు అక్షరాల మీద పడ్డాయి. తప్పులతోనే పంపింది: 'ఆ మందు వేయకండి. కాగితం తప్పు. రెండునర మాత్రమే. నేను పోలీసు.'

కిటికీ అవతల ఒక బస్సు స్టార్టయింది. ఎవరో అక్కని పేరు పెట్టి పిలుస్తున్నారు, ఒకటీ నలభై ట్రిప్పు అని. ఆమె కదల్లేదు.

జవాబు వచ్చింది.

'అయ్యో, ఇప్పుడే వేశానండీ. హాయిగా పడుకున్నాడు. మీరెవరు?'

'వెంటనే లేపండి. ఆసుపత్రికి తీసుకెళ్లండి. సీసా కూడా తీసుకెళ్లండి. మీ ఇల్లెక్కడ? మీ ఫోన్ నంబరు ఇవ్వండి' అని రాసి పంపింది. సందేశం వెళ్లింది. చదివినట్టు గుర్తు పడలేదు. ఆమె చూస్తుండగానే పేరు పక్కన పచ్చ చుక్క ఆరిపోయింది.

అసలు పేరు లేదు, ఊరు లేదు, ఫొటో లేదు. బుజ్జిగాడి అమ్మ, అంతే.

ఇన్‌స్పెక్టరు తన ఫోను తీసి క్లిక్కుకి చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"నాలుగు కాలేదు మేడమ్ ఇంకా," అన్నాడు వెటకారంగా.

"ఫైలు సంగతి తర్వాత తిట్టుకుందాం. ఇప్పుడు నాకు నీ పని కావాలి. ఒక బ్లాగు పేరు చెప్తాను, ఆ ఫోను ఏ ఇంట్లో ఉందో వెతికి పెట్టు. పదకొండు నెలల పిల్లాడు, పదింతల మందు తాగి పడుకున్నాడు."

అవతల కుర్చీ వెనక్కి తోసిన చప్పుడు వినిపించింది. వెటకారం మాయమైంది.

"పేరు చెప్పండి. ఎంత టైముంది?"

"తెలీదు," అంటూనే ఆమె లేచి తలుపు వైపు పరుగెత్తింది.